అరచేతిలో చుక్క

"రాచెల్ ఆ బీట్‌రూట్ సూపులో ఏమేసిందో కనుక్కోరాదా ఎవా. నేను మూడుసార్లు పోయించుకున్నా," అన్నాడు స్టీఫెన్, ఇంటి ముందు స్కూటరు ఆపుతూ.

ఎవాంజెలిన్ వెనక సీటు మీద ఒడిలో స్టీలు గిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ గిన్నె నిండా రష్యా వాళ్ళ ఆలుగడ్డల సలాడు. పొద్దున ఐదింటికి లేచి ఉడకబెట్టి, తొక్క తీసి, గోరంత ముక్కలు కోసి, బఠానీలు వలిచి కలిపింది. తీసుకుపోయేటప్పుడు ఎంత బరువుందో తెచ్చేటప్పుడూ ఇంచుమించు అంతే ఉంది. బెంగళూరు కె.ఆర్.పురం స్టేషను రోడ్డు గుంతల్లో మూత కింద నుంచి కారి, ఆదివారం చీర మీద మరక పడింది. ఒక చేత్తో గిన్నెను పొట్టకు అదుముకుని, ఇంకో చేత్తో సీటు పట్టుకుని ఎట్లాగో దిగింది. స్టీఫెన్ స్టాండు వేసి, తాళంచెవి తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

చర్చి విందులో రాచెల్ గిన్నె ఖాళీ. ఖాళీ అంటే అట్లాంటిట్లాంటి ఖాళీ కాదు, చివర్లో బ్రెడ్డు ముక్కతో అడుగంతా తుడుచుకుని తిన్నారు, అందరూ నవ్వారు. తుడిచినవాడు ఎవరో పరాయివాడైతే పోనీలే అనుకునేది. తుడిచింది స్టీఫెన్. కట్టుకున్న మొగుడు, పదిమందిలో, ఇంకొకరి గిన్నె అడుగు. ఆ నిమిషంలో తన గిన్నె మూత తీసి ఉందని గమనించి, ఎవరూ చూడకుండా మూత పెట్టేసింది ఎవాంజెలిన్. ఇంటికొచ్చాక ఆ సలాడును ఏం చేయాలో తోచక, రెండు రోజులు టిఫినులోకీ, పనికి పోతూ డబ్బాలోకీ తనే తిన్నది. తింటున్నంతసేపూ రాచెల్ గుర్తుకొచ్చి ఒళ్ళు మండేది.

ఆ విందు ఎట్లా మొదలైందంటే, తొంభై ఎనిమిదో సంవత్సరం జనవరిలో, తెలుగు సంఘం పాస్టరు దేవదానం అయ్యగారి భార్యకు ఒక ఆలోచన వచ్చింది. లోకంలోని దేశాల కోసం ప్రార్థన చేయమంటే స్త్రీల సమాజంలో సగం మందికి ఆవలింతలు. అందుకని నెలకో దేశం. కానుక సంచిలో చీటీలు వేసి ఒకటి తీస్తారు. ఏడు ఇళ్ళవాళ్ళు ఆ దేశపు వంటలు పంచుకుని, రెండో ఆదివారం ఆరాధన అయ్యాక హాలులో పెడతారు. ముందు ఆ దేశం కోసం ప్రార్థన, తర్వాత భోజనం. ఎవరు ఏ వంట చేయాలన్నది కూడా చీటీయే. వీళ్ళలో ఎవరూ ఆ దేశాల మొహం చూసినవాళ్ళు కాదు. పాత పత్రికల్లోంచి చింపిన కాగితాలు, గల్ఫు నుంచి వచ్చిన ఉత్తరాలు, అవే ఆధారం. ఇటలీ వంటకు చీజు దొరక్క ఒకామె కోవా వేసింది. అయినా ప్రార్థన మాత్రం ఇటలీ కోసమే చేశారు.

మొదటి నెలలో ఎవాంజెలిన్ చాలా సంబరపడింది. ఏడుగురిలో ఇంగ్లీషు తడుముకోకుండా చదవగలిగింది తనొక్కతే. హూడిలో ఒక నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సు. కొలతలు తెలుసు, చేతి శుభ్రం ఉంది. రాచెల్ ఏముంది, ఏడో తరగతి. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, మొగుడు జయరాజు స్కూలు వ్యాను నడుపుతాడు. పిన్ను పెట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, కొంగు ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. ప్రార్థన సగమయ్యాక గిన్నె పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. ఎనిమిది నెలలయింది. ఎనిమిది నెలల్లో రాచెల్ గిన్నె ఒక్కసారీ ఇంటికి బరువుగా పోలేదు. ఎవాంజెలిన్ గిన్నె ఒక్కసారీ తేలిగ్గా రాలేదు. ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల తన గిన్నె అడుగు కనపడితే చాలునని ఆమె కోరిక. నలభై దగ్గరపడుతున్న మనిషికి ఇదేం కోరిక అని తనకే సిగ్గేసేది. శుక్రవారం ప్రార్థనలో పాస్టరు అమ్మగారు "ఎవరి భారాలు వాళ్ళు చెప్పుకోండమ్మా" అన్నప్పుడు అసూయ అనే మాట నోటిదాకా వచ్చేది. "నాకు తలనొప్పి తగ్గాలని ప్రార్థన చేయండి," అని చెప్పి కూర్చునేది. అందరూ తలనొప్పి కోసం ప్రార్థించేవాళ్ళు, వాళ్ళలో అందరికంటే గట్టిగా రాచెల్.

సెప్టెంబరు చీటీలో ఫిలిప్పీన్స్ వచ్చింది. ఎవాంజెలిన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆమె హాస్టల్ స్నేహితురాలు సలోమి కువైట్‌లో నర్సు, పక్క మంచాల అమ్మాయిలంతా ఫిలిప్పీన్స్ వాళ్ళే. ఉత్తరం రాస్తే, రెండు వారాల్లో నాలుగు పేజీల జవాబు వచ్చింది, వాళ్ళ చేతే ఇంగ్లీషులో రాయించి పంపింది. ఒకటి అడోబో అనే కోడి కూర, ఒకటి సేమ్యా లాంటి నూడుల్స్. ఈసారి కోడి తనదే అనుకుంది. చీటీ తీస్తే కోడి రాచెల్‌కు పోయింది, తనకు నూడుల్స్ వచ్చాయి.

రెండు రోజుల తర్వాత సాయంత్రం రాచెల్ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. ఎవాంజెలిన్ డ్యూటీ నుంచి వచ్చి, స్టీఫెన్‌కు టీ పెట్టి, ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"అక్కా, ఆ ఉత్తరం చదువు, నేను తెలుగులో రాసుకుంటా. స్వల్ప నిదానంగా చదువప్పా, నా రాత నీకు తెల్సు గదా."

ఎవాంజెలిన్ చదివింది. కోడి ముక్కలు కిలో. వెల్లుల్లి ఒక గడ్డ. మిరియాలు ఒక చెంచా. బిర్యానీ ఆకులు నాలుగు. సోయా సాస్ అర కప్పు. తర్వాతి వరుసలో, వెనిగర్ అర కప్పు అని ఉంది, కింద గీత కూడా గీసి ఉంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో డాక్టరు కోడిగీతల్లో రాసిన చీటీల్ని సైతం ఒక్క అక్షరం వదలకుండా చదివిన మనిషి ఎవాంజెలిన్. ఆ గీత మీద ఆమె కన్ను ఆగింది. రాచెల్ నాలుక కొంచెం బయటపెట్టి, బడిపిల్లలాగా ఒత్తి ఒత్తి రాసుకుంటోంది.

"అంతే. అన్నీ కలిపి గంటసేపు నాననిచ్చి, అందులోనే సన్నసెగ మీద ఉడకబెట్టు," అంది ఎవాంజెలిన్.

"అంతేనా? శానా సులభంగా ఉండాదే," అని రాచెల్ నోటుబుక్కు మూసి, వెళ్ళేముందు మడత పెట్టాల్సిన బట్టల్లో నాలుగు తనే మడత పెట్టి పోయింది. ఎవాంజెలిన్ ఆ రాత్రి ఉత్తరాన్ని రెండుసార్లు తీసి చూసుకుంది, అయినా పిలిచి చెప్పలేదు.

రెండో ఆదివారం తెల్లవారుజామునే నూడుల్స్ పని మొదలుపెట్టింది. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ అన్నీ అగ్గిపుల్లంత సన్నగా కోసింది. అంతా అయ్యాక, పెళ్ళైన దగ్గర్నుంచీ జరిగేదే జరిగింది. స్టీఫెన్ వంటింటి గడపలోకి వచ్చి అరచెయ్యి చాపాడు. ఎవాంజెలిన్ గరిటతో కొంచెం తీసి ఆ చేతిలో వేసింది. ఈ ఇంట్లో ఉప్పు చూసేది స్టీఫెన్. పద్నాలుగేళ్ళ కిందట నంద్యాలలో కాపురానికి వచ్చిన మొదటి వారం, పప్పుచారు గరిటతో తీసి అరచేతిలో వేసుకోబోతే అత్త పట్టుకుంది. "ఏమ్మే, ప్రార్థన కాకముందే మెతుకు నోట్లో పెడతావా? మీ అమ్మగారింట్లో ఇదే నేర్పినారా? ఇంటికి శిరస్సు మగోడు. వాడు చూసి చెప్తాడు, నువ్వు ఏస్తావు." ఆ తర్వాత అత్త చిన్నకొడుకు దగ్గరికి పోయింది. ఆ మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఎవాంజెలిన్ వాసనను బట్టి, రంగును బట్టి, బుడగలు వచ్చే చప్పుడును బట్టి వండడం నేర్చుకుంది. అందరికీ పెట్టి, ప్లేట్లు తీసి, పిల్లల యూనిఫాంలు నానబెట్టి, చివర్లో తను తినేటప్పటికి అంతా చల్లగా గడ్డకట్టి ఉండేది. అప్పుడు తెలిసినా చేయగలిగింది ఏముంది.

"సప్పగా ఉండాది," అన్నాడు స్టీఫెన్ చెయ్యి నాకి. "ఉప్పెయ్, కారమెయ్. గరం మసాలా ఒక స్పూను పడితే గానీ మనిషి తినడు."

"ఉత్తరంలో కారం లేదండీ."

"ఉత్తరం రాసినోళ్ళు తింటారా, మనం తింటామా?"

వేసింది. ప్రతి నెలా వేసినట్టే ఈసారీ వేసింది.

హాలులో అమ్మగారు ఫిలిప్పీన్స్ తుఫానుల గురించి ప్రార్థన చేస్తున్నంతసేపూ ఎవాంజెలిన్ కళ్ళు సగం తెరిచే ఉంచింది. మామూలు ప్రకారం రాచెల్ సగంలో వచ్చింది. గిన్నె మూత తీస్తే గుమ్మని వాసన కొట్టింది, అందులో పులుపు ఉంది. ఎవాంజెలిన్ నడుము నిటారుగా అయింది. పులుపు ఎక్కడి నుంచి వచ్చింది? చదవలేదే. ఎవరైనా చెప్పారా? అరగంటలో కోడి కూర అయిపోయింది. కింద మిగిలిన రసంలో అన్నం కలుపుకోవడానికి ఇద్దరు పెద్దమనుషులు పోటీ పడ్డారు, అందులో ఒకడు స్టీఫెన్. "ఎవా, చూడు, ఇదీ వంటంటే," అని ఆ మూల నుంచి ఈ మూలకు పిలిచి మరీ చెప్పాడు. నూడుల్స్ తిన్న అయ్యగారు నీళ్ళు తాగి, దగ్గి, "బాగుందమ్మా, ఘాటుగా ఉంది," అన్నారు. తర్వాత ఎవరూ అటు పోలేదు.

హాలు వెనక కొళాయి దగ్గర గిన్నెలు తోముకునే చోట ఇద్దరే మిగిలారు. రాచెల్ ఖాళీ గిన్నె తోముతూ కూనిరాగం తీస్తోంది. ఎవాంజెలిన్ నూడుల్స్‌ను ప్లాస్టిక్ కవరులోకి వంచుతోంది.

"అక్కా, ఒక మాట అడగల్ల నిన్ను," అంది రాచెల్. "నువ్వు చదివినట్టే అన్నీ ఏసినా. ఉడికేటప్పుడు చేతిలో ఏసుకుని చూస్తే, ఏదో తక్కువగా ఉండాది. ఉప్పు కాదు, కారం కాదు. మళ్ళా చూసినా, ఇంకోతూరి చూసినా. నాలుగోతూరికి తెల్సింది, పులుపు లేదు. సుమ్నే, ఊరికే ఇంత చింతపండు పిండి పోస్తే, అప్పుడు కూర లేచి కూచుండె. వాళ్ళు ఏమేస్తారక్కా పులుపుకి?"

ఎవాంజెలిన్ చేతిలో కవరు ఆగిపోయింది. "నాలుగుసార్లు చూశావా? ప్రార్థన కాకముందే?"

"చూడకుంటే ఎట్ల తెలుస్తాది? నువ్వు చూడవా?"

"మా ఇంట్లో చూడకూడదు. ప్రార్థన కాకుండా నోట్లో పెట్టకూడదని మా అత్త. మా ఆయన చూసి చెప్తాడు."

రాచెల్ గిన్నె తోమడం ఆపింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. "మరి ఆయన చూసేది ప్రార్థన కాకముందే గదక్కా?"

పద్నాలుగేళ్ళు. రోజుకు రెండు పూటలు. ఇన్నేళ్ళలో ఒక్కపూట కూడా ఈ మాట తనకు తట్టలేదు. చదువుకుంది, ఇంజెక్షన్లు పొడిచింది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు మందు మోతాదు తప్పకుండా ఇచ్చింది, ఈ మాట మాత్రం తట్టలేదు. ఏడో తరగతి చదివిన రాచెల్‌కు గిన్నె తోముతూ తట్టింది. ఎవాంజెలిన్‌కు అంతకు ముందున్న అసూయ ఒక లెక్క కాదు, ఇప్పుడు కలిగింది అసలు అసూయ. పొయ్యి ముందు నిలబడి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా, నాలుగుసార్లు తన వంట తను చేతిలో వేసుకుని నాకిన రాచెల్ మీద. ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. సంఘంలో ఎవరికీ తెలియదనుకుని స్టీఫెన్ తను పనిచేసే ఫ్యాక్టరీ గోడ వెనక రోజుకు పదిహేను సిగరెట్లు కాలుస్తాడు. అంత పొగ తాగే మనిషి నాలుకకు రుచి మొద్దుబారుతుందని నర్సుకు ఒకరు చెప్పాలా. ఆ నాలుక తక్కువైందన్నప్పుడల్లా ఉప్పేసి, కారమేసి, నిండు గిన్నెను తనే తిరిగి మోసుకొచ్చుకుంది.

"వెనిగర్," అంది ఎవాంజెలిన్. "వాళ్ళు వెనిగర్ వేస్తారు. ఉత్తరంలో రాసి ఉంది. నేనే చదవలేదు."

"మరిచిపోయింటావులే."

"మరిచిపోలేదు. కావాలనే చదవలేదు. నీ గిన్నె ఖాళీ అవుతుందని. ప్రతి నెలా అవుతుందని, నేను ఓర్చుకోలేక."

కొళాయి కారుతూనే ఉంది. రాచెల్ దాన్ని కట్టేసింది. ముఖంలో నవ్వు పోయి, ఎప్పుడూ లేనంత పెద్దదానిలా కనిపించింది. "నేను నిన్ను నమ్మి రాసుకున్నా గదక్కా," అంది. కొంగుతో గిన్నె తుడుచుకుని, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. వందనాలు కూడా చెప్పలేదు.

ఆ నెలంతా రాచెల్ ఎవాంజెలిన్ వాళ్ళ వీధిలోకి రాలేదు. శుక్రవారం ప్రార్థనలో ఎదురు వరుసలో కూర్చుంది. అమ్మగారు భారాలు చెప్పుకోమన్నప్పుడు ఎవాంజెలిన్ లేచి, "నాకు అసూయ ఉంది. దాని గురించి ప్రార్థన చేయండి," అంది. ఎవరి మీద అని ఎవరూ అడగలేదు. రాచెల్ తల వంచుకుని ప్రార్థన చేసిందో లేదో తెలియదు, పైకి మాత్రం వినపడలేదు.

అక్టోబరు చీటీలో హంగేరీ వచ్చింది. ఆ దేశం ఎక్కడుందో అయ్యగారికి కూడా మ్యాపులో వెతికితే గానీ దొరకలేదు. మాంసం కూర చీటీ ఎవాంజెలిన్‌కు వచ్చింది. నర్సింగ్ హోములో డాక్టరమ్మ దగ్గరున్న పత్రికలోంచి వంట విధానం రాసుకుంది. వాళ్ళ ఎర్ర మిరప పొడి ఇక్కడ దొరకదు. రంగు బాగా ఉండి కారం లేని బ్యాడిగి మిరపకాయలు తెచ్చి, గింజలు తీసి దంచింది. ఆ కాగితం చూసి, ఒక్క వరుస వదలకుండా, తెలుగులో ఇంకో నకలు రాసింది. శనివారం డ్యూటీ నుంచి వస్తూ రాచెల్ ఇంటికి వెళ్ళింది. మిషను మీద నుంచి రాచెల్ లేవలేదు. నకలు మిషను బల్ల మీద పెట్టి, "ఇది రేపు నేను చేసేది. అంతా ఉంది, ఏమీ వదల్లేదు. నువ్వు కూడా చేసుకుని చూడు," అంది ఎవాంజెలిన్. రాచెల్ కాగితాన్ని రెండుసార్లు పైనుంచి కిందికి చదివి, "ఉల్లిగడ్డలు ఎర్రగా ఏగల్ల, తొందరపడొద్దు," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఎవాంజెలిన్‌కు అదే చాలనిపించింది. చాలనిపించింది గానీ, వాకిలి దాటుతూ, రేపు నా గిన్నే ముందు ఖాళీ కావాలి అనుకోకుండా ఉండలేకపోయింది.

ఆదివారం పొద్దున ఆరున్నర. మాంసం మెత్తగా ఉడికింది, రసం చిక్కబడింది. పిల్లలు ఇంకా లేవలేదు. స్టీఫెన్ బాత్రూములో గొంతు సవరించుకుంటున్నాడు. ఎవాంజెలిన్ గరిట ముంచి, బయటికి తీసి, చుట్టూ చూసింది. దొంగతనం చేస్తున్నట్టుగా చుట్టూ చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కళ్ళు మూసుకుని రెండు మాటల్లో ప్రార్థన చేసుకుంది. ఎడమ అరచేతిలో చుక్క వేసుకుంది. కాలింది. ఊది, నాలుక మీద పెట్టుకుంది.

ఇంత వేడిగా తన చేతి వంట ఆమె ఎన్నడూ తినలేదు. తినదగ్గదేననీ, బాగుందనీ కూడా ఇప్పుడే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికి కాదు, కారం అందులో లేదు. ఇంకో చుక్క వేసుకుంది. రాచెల్ చెప్పినట్టే ఏదో తక్కువగా ఉంది. ఉప్పు కాదు. పులుపు టమాటాతో వచ్చింది. మూడోసారి చూసింది. జీలకర్ర కొంచెం వేయించి, నలిపి వేసి, ఆగి, నాలుగోసారి చూసింది. ఇప్పుడు సరిగ్గా ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆ సంగతి ఆమెకు తెలిసింది.

స్టీఫెన్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ గడపలోకి వచ్చి, అలవాటుగా అరచెయ్యి చాపాడు. ఎవాంజెలిన్ గరిట తీసింది. అతను చూస్తుండగానే, చుక్కను తన అరచేతిలో వేసుకుని, నిదానంగా నాలుకకు తాకించుకుంది.

స్టీఫెన్ చెయ్యి గాలిలోనే ఉంది. "ప్రార్థన కాలేదే," అన్నాడు.

"నాది అయింది. మీది అయిందా?"

అతను చాపిన చెయ్యిని వెనక్కి తీసుకోవాలో, అట్లాగే ఉంచాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. చివరికి గొంతు తగ్గించి, "అయితే ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది ఆమె, చెప్పేది అతను.

ఎవాంజెలిన్ గరిట మళ్ళీ గిన్నెలో ముంచింది.

"ఉండండి," అంది, "ఇంకో చుక్క చూసి చెప్తా."